చిన్నప్పుడు రాని ఆటలమ్మ

పోయిన నెలలో ఒక ఉదయం కుడివైపు పక్కటెముకల కింద చురుక్కుమంది. ఏదో కుట్టిందనుకుని దులుపుకున్నాను. సాయంత్రానికి ఎవరో అక్కడ ఇస్త్రీపెట్టె ఆనించి తియ్యడం మరిచిపోయినట్టు మంట. మర్నాడు చూసుకుంటే వెన్ను దగ్గర్నుంచి పొట్ట మీదకి, ఒక్కవైపే, పట్టీ కట్టినట్టు నీటిపొక్కులు. ఉక్కునగరంలో మా క్వార్టర్‌కి పనికి వచ్చే అమ్మాయి చూసి, "ఇది సర్పి కాదేటండీ! తలా తోకా కలిసిపోతే మనిషి దక్కదు, ఎర్రమట్టి రాయించీయండి" అని గుమ్మంలోంచే వెనక్కి తగ్గింది. డాక్టరమ్మ నా కూతురంత పిల్ల. పొక్కులు చూసి, చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చిందా అని అడిగింది. మరీ చిన్నప్పుడు కాదు, ఇంటర్ పరీక్షలు రాసిన వేసవిలో అన్నాను. "అదే ఇది ఆంటీ. అప్పుడు తగ్గింది గానీ పోలేదు. వెన్ను పక్కన నరం మొదట్లో పడుకుని ఉండిపోయింది, ఇన్నాళ్ళకి లేచింది" అంది, బస్సు ఆలస్యంగా వచ్చిందని చెప్పినంత తేలిగ్గా. ఇంటికొచ్చే దారంతా ఆటోలో కుడిచెయ్యి ఒంటికి తగలకుండా ఎత్తి పట్టుకుని కూర్చున్నాను. నొప్పి గురించి కాదు నా ఆలోచన. ఆ వేసవిలో మా చిన్నత్త ఇంట్లోకి వెళ్ళినది, ఇన్నేళ్ళూ నా వెన్నులోనే కాపురం ఉందన్నమాట.

చిన్నత్త మా నాన్నకి చెల్లెలు. మా వంశంలో ఎమ్మెస్సీ చదివిన మొదటి మనిషి. వన్ టౌన్‌లో ఒక ఆడపిల్లల కాలేజీలో జువాలజీ చెప్పేది. మావయ్య పోర్టులో క్రేన్ నడిపేవాడు. వాళ్ళది ఒడ్డున చేపలు పట్టే కుటుంబం, వాళ్ళన్నలు అప్పటికీ వేటకి వెళ్ళేవారు. ఒకే బస్సులో రోజూ ఎక్కీ దిగీ ఇష్టపడి పెళ్ళిచేసుకున్నారు. కులం వేరని మా నాన్న కొన్నాళ్ళు మాట్లాడలేదు. నానమ్మ అయితే ఆ ఇంటి మంచినీళ్ళు కూడా ముట్టనని ఒట్టు పెట్టుకుంది గానీ, ఆదివారం ఆదివారం మావయ్య గోనెసంచిలో చుట్టి తెచ్చే వంజరం చేప ముందు ఆ ఒట్టు ఎక్కువకాలం నిలబడలేదు. ముందు ముక్కలు మాత్రమే తిని పులుసు వదిలేసేది. తర్వాత పులుసూ మొదలెట్టింది. ఆ తర్వాత అల్లుడు రాని ఆదివారం వీధి అరుగు మీద కూర్చుని మలుపు వైపు చూస్తూ ఉండేది. మా నాన్న కూడా "బావా" అని పిలవడం ఎప్పుడు మొదలెట్టాడో ఎవరికీ గుర్తులేదు.

వాళ్ళ అద్దె ఇల్లు వన్ టౌన్‌లో ఒక ఇరుకు సందులో, మేడ మీద. మెట్లు నిటారుగా, చీకటిగా ఉండేవి. కిటికీ తెరిస్తే ఓడల కూతలూ ఆటోల హారన్లూ కలిసి లోపలికొచ్చేవి. గాలి ఒక వైపు నుంచి వస్తే బొగ్గు ధూళి, ఇంకో వైపు నుంచి వస్తే ఎర్రటి ఇనపరాయి ధూళి. ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి ఏ రంగుకి తిరిగిందో చూసి మావయ్య ఆ రోజు గాలి ఎటుందో చెప్పేవాడు. చిన్నత్తకి కనబడిన ప్రతిదీ విడమరిచి చెప్పే అలవాటు. చేప కోస్తూ మొప్పల పాఠం చెప్పేది, పెరుగు తోడేస్తూ సూక్ష్మజీవుల పాఠం చెప్పేది. మాలో చాలామంది తప్పించుకునేవాళ్ళం. మావయ్య మాత్రం బీడీ ఆర్పేసి, మఠం వేసుకుని కూర్చుని, "ఆఁ, తరవాతేటైనాది మేడమ్‌గారూ?" అనేవాడు. అది వేళాకోళం కాదు. ఆయనకి నిజంగానే తర్వాత ఏమైందో కావాలి.

ఆ ఏడు పరీక్షలకి రోజూ మల్కాపురం నుంచి బస్సులో రావడం కష్టమని నన్ను వాళ్ళింట్లో ఉంచారు. చిన్నత్తకి అప్పుడు ఏడో నెల, పెళ్ళయిన చాన్నాళ్ళకి నిలిచిన కడుపు. ఆఖరి పరీక్ష రాసి వచ్చిన సాయంత్రం నాకు ఒళ్ళు వెచ్చబడింది. ఎండదెబ్బ అనుకున్నారు. మర్నాడు మావయ్య నన్ను స్కూటరు మీద ఎక్కించుకుని ఇంటికి తీసుకొచ్చాడు. తల నిలబడక ఆయన వీపు మీద ఆనించుకుని, దారంతా దగ్గుతూ వచ్చాను. "కోడలా, పడుకోకు, పడిపోతావ్, ఏదో ఒకటి మాటాడు" అని ఆయన ముందు నుంచి అరుస్తూనే ఉన్నాడు. రిఫైనరీ గొట్టం మీద మంట కనబడగానే ఇల్లొచ్చేసిందని తెలిసి నాకు ఏడుపొచ్చింది. ఆ మర్నాడు మెడ మీద ఒకటి, పొట్ట మీద రెండు ఎర్రటి చుక్కలు లేచాయి. సాయంత్రానికి వాటిలోకి నీరు దిగింది. "ఓలమ్మా, అమ్మోరు పోసినాదే!" అని నానమ్మ చేతులు జోడించి, ఆ వెంటనే వంటింట్లోకి పరిగెత్తి మూకుడు దింపేసింది. అమ్మవారు ఇంట్లో ఉండగా తాలింపు ఘాటు తగలకూడదట. గుమ్మానికి వేపమండలు కట్టారు. నాకు దువ్వెన లేదు, సబ్బు లేదు, చేపల మాటే లేదు.

అందరికీ చిన్నత్త గురించే గుండె దడ. కడుపుతో ఉన్నవాళ్ళకి ఇది రాకూడదని నానమ్మకి కూడా తెలుసు. నాన్న పక్కింటి ఫోను నుంచి కబురు చెబితే చిన్నత్త నవ్విందట. తనకి చిన్నప్పుడే వచ్చింది, నుదుటి మీద మచ్చ దానిదే, ఒకసారి వచ్చినవాళ్ళకి ఒంట్లో కాపలా ఉంటుంది, మళ్ళీ రాదు అని చెప్పింది. నానమ్మ ఆ మచ్చ కథ మొత్తం గుర్తుచేసుకుని, ఊపిరి పీల్చుకుని, అమ్మవారికి ఇంకోసారి దణ్ణం పెట్టింది. మావయ్య గురించి అడగాలని మాలో ఎవరికీ తోచలేదు. ఎత్తైన క్రేన్ నిచ్చెన ఎక్కిదిగే మనిషి, జలుబు చేస్తే సముద్రంలో మునిగొచ్చే మనిషి. తోచింది చిన్నత్తకే. "మీకు వచ్చిందా చిన్నప్పుడు?" అని అడిగితే, "ఏమో, నాకేటి తెల్దు. అమ్మనడగాల" అన్నాడట.

ఇద్దరూ కలిసి ఒడ్డుకి వెళ్ళారు. మావయ్య వాళ్ళమ్మ ఇసకలో నెత్తళ్ళ చేపలు ఆరబోస్తోందట. చుట్ట మండే కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే మనిషి, చెప్పదలచుకున్నది చెప్పాలంటే ముందు చుట్ట తియ్యాలి. తీసి, గర్వంగా చెప్పిందట: "పెద్దోడికొచ్చినాది, ఆడపిల్లలిద్దరికీ ఒచ్చినాది. వీడా ఏడు మా పుట్టింటికాడున్నాడు గదా. నా సిన్నోణ్ణి మాత్రం అమ్మోరు ఒగ్గేసినాది." చిన్నత్త ఆ ఇసకలోనే కూర్చుండిపోయిందట. ఎండ దెబ్బనుకుని ఆవిడ నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

నాకు పొక్కులు ఎండి పెచ్చులు కడుతున్న రోజుల్లో వాళ్ళిద్దరూ మల్కాపురం వచ్చారు. మావయ్య పూర్ణా మార్కెట్ నుంచి కొబ్బరిబోండాలు తెచ్చాడు. నాన్నతో వరండాలో కూర్చుని పచ్చిమామిడి ముక్కలు ఉప్పూ కారం అద్దుకుని తింటున్నాడు. చిన్నత్త నా మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. ఇది నాకు ఎలా వచ్చిందని అడిగాను. మామూలుగా అయితే ఆవిడ ముఖం వెలిగేది. ఆ రోజు వరండా వైపు చూస్తూ, నాకు చెబుతున్నట్టు కాకుండా చెప్పింది.

"అది పురుగు కాదే. దానికి నోరు లేదు, కాళ్ళు లేవు, ఆకలి లేదు. ఇలా చెయ్యి, అలా చెయ్యి అని రాసున్న సన్నటి పోగు ఒకటి, దాని మీద ఒక తొడుగు. అంతే. బయట పడుంటే దుమ్ముతో సమానం. మన ఒంట్లో ప్రతి కణానికీ బయట గడియల్లాంటివి ఉంటాయి, తనకి కావలసినవి లోపలికి తీసుకోడానికి. దీని తొడుగు మీద ఉండే బొడిపెలు సరిగ్గా ఆ గడియలకి అతుక్కుంటాయి. మనదే కాబోలు అనుకుని కణమే లోపలికి లాక్కుంటుంది. లోపలికెళ్ళాక తొడుగు విప్పేసి, తన రాతని కణం మధ్యలో ఉండే కేంద్రకంలోకి చేరుస్తుంది. ఇంక ఆ కణం తన పని మానేస్తుంది. తన తిండి పెట్టి, తన బలంతో, అచ్చం దానిలాంటివే వేలకి వేలు తయారుచేస్తుంది. అవి బయటికొచ్చి పక్క కణాన్ని పట్టుకుంటాయి."

వరండాలోంచి మావయ్య అందుకున్నాడు. "అంటే దొంగ కాయితం ఒకటి పట్టుకొచ్చి, మా క్రేన్లు మాసేతే తిప్పించి, సరుకంతా ఆళ్ళ ఓడలోకి ఎక్కించుకున్నట్టు. బాగున్నాది బావా, దీనికి యూనియన్ కూడా నేదేటి?" నాన్న పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వాను. చిన్నత్త నవ్వలేదు. మరి కణానికి తెలీదా అని అడిగాను.

"తెలిసేసరికి ఆలస్యమైపోతుంది" అంది గొంతు తగ్గించి. "ముందు గొంతులో, తర్వాత గ్రంథుల్లో, తర్వాత రక్తంలోకి. అప్పుడు గానీ చర్మం మీదకి రాదు. రెండు మూడు వారాలు పడుతుంది. ఆ రోజులన్నీ మనిషి బాగానే ఉంటాడు. తింటాడు, నవ్వుతాడు, డ్యూటీకెళ్తాడు. ఇప్పుడు ఆయన ఒంట్లో ఉందో లేదో నాకు తెలీదు. ఉంటే మాత్రం పని మొదలెట్టేసే ఉంటుంది."

మావయ్య ఇంకో ముక్కకి కారం అద్దుకుంటున్నాడు. నిక్షేపంగా ఉన్న మనిషిని చూస్తూ భయపడటం నాకు అదే మొదటిసారి. ఆ తర్వాత ఆయన మా ఇంటికొచ్చినా, నేను వాళ్ళింటికెళ్ళినా, తెలియకుండానే ఆయన మెడ మీదా చేతుల మీదా వెతికేదాన్ని. చిన్నత్త ఎవరో డాక్టరుని కలిసింది. పెద్దవాళ్ళకి వస్తే కాస్త గట్టిగా వస్తుంది, అంతకి మించి ఏమీ ఉండదు, కడుపుతో ఉన్నారు కంగారుపడకండి అని ఆయన నవ్వి పంపేశాడట. పొగతాగేవాళ్ళకి ఇది తొందరగా ఊపిరితిత్తుల్లోకి దిగుతుందని, బీడీలు మానెయ్యమని మావయ్యని బతిమాలింది. "మానేత్తాన్లే, నీకోసం కాదేటి" అని కట్ట తీసి కిటికీలోంచి విసిరేశాడు. తర్వాత మెట్ల కింద నిలబడి కాలుస్తూ నాకు కనబడ్డాడు. నోటి మీద వేలు పెట్టుకుని కన్ను కొట్టాడు.

వచ్చింది. డ్యూటీ దిగి వస్తూనే నడుం పట్టేసిందని పడుకున్నాడు. రాత్రికి జ్వరం, తెల్లారేసరికి చుక్కలు. నాకు వచ్చినట్టు అక్కడొకటీ ఇక్కడొకటీ కాదు. నెత్తిమీద, కనురెప్పల మీద, నాలుక మీద, గోరు పెట్టడానికి చోటు లేకుండా. అంత జ్వరంలోనూ మమ్మల్ని చూసి, "అమ్మోరు లెక్చరర్‌గారింటికి ట్యూషన్‌కొచ్చినాది" అన్నాడు. నాకు ఒకసారి వచ్చేసింది కాబట్టి నన్ను చిన్నత్తకి తోడుగా పంపారు. వాళ్ళమ్మ ఒడ్డు నుంచి వచ్చి గుమ్మానికి వేపమండలు కట్టి, చుట్ట పక్కన పెట్టేసి, కొడుకు తలదగ్గర కూర్చుని వేపాకుతో విసురుతూనే ఉంది. రెండు రోజులు బాగానే గడిచాయి. మూడో రోజు దగ్గు మొదలైంది. మధ్యాహ్నానికి మాటకీ మాటకీ మధ్య ఆగి ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. పెదవుల రంగు మారడం ముందు చూసింది చిన్నత్తే. లేచి చెప్పులేసుకుంది.

"ఎక్కడికే?" అంది ముసలామె. ఆసుపత్రికి తీసుకెళ్ళాలంటే, గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. "అమ్మోరున్నప్పుడు సూదులేటి, మందులేటి? ఆ తల్లికి కోపమొత్తే ఇంటిల్లిపాదినీ తీసుకుపోద్ది. నీ కడుపులో దాన్ని కూడా సూసుకో." ఆవిడది పంతం కాదు, భయం. చిన్నత్త ఒక చేత్తో గోడ పట్టుకుని నిలబడింది. "కోపం వస్తే నా మీదకి రానీ అత్తా. ఆయనకి ఊపిరితిత్తుల్లోకి దిగింది. నువ్వు లే." ముసలామె లేవలేదు. చిన్నత్త నన్ను పంపి కింద ఆటోవాళ్ళిద్దర్ని పిలిపించింది. వాళ్ళు మావయ్యని కుర్చీలో కూర్చోబెట్టి, ఆ నిటారు మెట్ల మీదుగా దించడానికి ఎత్తారు. అప్పుడు గానీ ముసలామె పక్కకి జరగలేదు. జరిగి, కొడుకు పాదాలు తగిలేలా కుర్చీ కింద చెయ్యి వేసి తానూ ఒక పక్క పట్టింది. మెట్లు దిగినంతసేపూ అమ్మోరిని బతిమాలుతూనే ఉంది.

పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. డాక్టరు దాన్ని కిటికీకి ఎదురుగా పట్టి చూపించాడు. నల్లగా ఉండాల్సిన చోట మంచు కురిసినట్టు తెల్లగా ఉంది.  ఆయన రాసిన మందు ఊళ్ళో దొరకలేదు. నాన్న స్కూటరు వేసుకుని షాపు షాపూ తిరిగాడు. హైదరాబాదు నుంచి తెప్పించాలన్నారు, ఎవరో తెలిసినవాళ్ళ చేత రైల్లో పెట్టించారు. అది వచ్చేలోగా మావయ్య ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టారు. ఆయన మంచం పక్కన స్టూలు మీద, కడుపు మీద చెయ్యి వేసుకుని చిన్నత్త కూర్చుంది. నేను ఫ్లాస్కు పట్టుకుని వెనక నిలబడ్డాను.

"ఇప్పుడది... ఏటి సేత్తన్నాది?" అన్నాడు మావయ్య. ఆ నాలుగు మాటలకి ఆయనకి చాలాసేపు పట్టింది. "సెప్పు, మేడమ్‌గారూ."

చిన్నత్త ఆయన చెయ్యి పట్టుకుంది. "తగ్గుముఖం పట్టింది" అంది. "మీ తెల్లరక్తకణాలు దాన్ని కనిపెట్టేశాయి. చుట్టుముట్టేస్తున్నాయి. పాడైన కణాల చోట కొత్తవి వస్తున్నాయి. రేపటికి ఊపిరి తేలికవుతుంది."

మావయ్య ఆవిడ ముఖంలోకే చూశాడు. పొక్కుల మధ్య పెదవులు కాస్త సాగాయి. "మొదటిసారి... పాటం తప్పు సెప్తన్నావు" అన్నాడు.

మందు వచ్చింది. రెండు సీసాలు ఎక్కించారు. మర్నాడు మధ్యాహ్నం, వార్డులో అన్నాలు పంచే బండి చప్పుడవుతుండగా, మావయ్య పోయాడు. ముసలామె ఏడవలేదు. చిన్నత్త వైపు తిరిగి, "నాను సెప్పినాను గదా, సూది గుచ్చితే తల్లికి కోపమొత్తాదని" అంది. తర్వాత చాలా ఏళ్ళు ఆవిడ చిన్నత్తతో మాట్లాడలేదు.

పాప వానలు పడ్డాక పుట్టింది. నానమ్మ దీపం దగ్గరగా పట్టుకుని ఒళ్ళంతా వెతికింది. ఒక్క మచ్చ లేదు. చిన్నత్తకి ఎప్పుడో వచ్చిన జబ్బు వదిలి వెళ్ళిన కాపలాయే రక్తంలోంచి బిడ్డకి కూడా వెళ్ళిందట. చిన్నత్త అది రెండు మాటల్లో చెప్పి కళ్ళు మూసుకుంది. వెనకటిలా విడమరచలేదు. ఒడ్డు నుంచి ముసలామె వచ్చి, మనవరాలిని ఒళ్ళో వేసుకుని, కోడలి వైపు చూడకుండా వెళ్ళిపోయేది. వారానికోసారి చేప పంపేది. అది నానమ్మ వండేది.

నేను డిగ్రీకి చిన్నత్త కాలేజీలోనే చేరాను. వైరసుల పాఠం వచ్చిన రోజు వెనక బెంచీలో కూర్చున్నాను. ఆవిడ బోర్డు మీద ఒక వైరసుకి ఆరు పలకల తల, తోక గీసింది. అతుక్కోవడం, లోపలికి చేరడం, పని లాక్కోవడం, పిల్లల్ని చేయించడం, పగలగొట్టుకుని బయటికి రావడం, అన్నీ వరసగా చెప్పింది. గొంతు ఎక్కడా తడబడలేదు. ముందు బెంచీ అమ్మాయి ఒకతె లేచి, "మేడమ్, ఇంతకీ అది ప్రాణమున్నదా, లేనిదా?" అని అడిగింది. చిన్నత్త సుద్దముక్క బల్ల మీద పెట్టింది. 

"ఒంటరిగా ఉంటే ప్రాణం లేదు" అంది. "ఇంకొకరి ప్రాణం దొరికితే ఉంటుంది. రాసుకోండి." అందరూ రాసుకున్నారు. నేను రాసుకోలేదు.

పాప బడికి వెళ్ళే వయసొచ్చాక, అంటే కొత్త శతాబ్దం వచ్చిన కొత్తలో, ఆటలమ్మకి టీకా మా ఊళ్ళో పిల్లల డాక్టర్ల దగ్గర దొరుకుతోందని తెలిసింది. చిన్నత్త పాపని తీసుకుని బయల్దేరింది, నేను తోడు వెళ్ళాను. క్లినిక్ మెట్ల దగ్గర ముసలామె నిలబడి ఉంది. ఎవరు చెప్పారో తెలీదు. ఆవిడ ఏదో అడ్డం చెబుతుందని నేను గట్టిపడ్డాను. ఆవిడ నేరుగా లోపలికొచ్చి పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. సూది చూసి పాప గింజుకుంటే, రెండు చేతులూ కదలకుండా తనే పట్టుకుంది. "గుచ్చండి బాబూ, నాను పట్టుకున్నాను" అంది. అయిపోయాక పాప భుజం మీది దూదిని బొటనవేలితో అదిమిపెట్టి, ఇన్నేళ్ళకి మొదటిసారి కోడలి ముఖంలోకి చూసింది.

"ఇది అప్పుడు నేదేటే?"

 చిన్నత్త అబద్ధం చెబుతుందేమో అనుకున్నాను. "ఉండేదట అత్తా. ఎక్కడో దూరదేశాల్లో. ఇక్కడికి రాలేదు."

ముసలామె తల ఊపింది. అర్థమైందో, మానిందో తెలీదు. దూది మీంచి వేలు మాత్రం తియ్యలేదు. కాలం అందరికీ ఒకేలా నడుస్తుందంటారు. ఆ సూది సముద్రాలు దాటి మా ఊరు చేరడానికి పట్టిన ఏళ్ళు మాత్రం మావయ్య ఆయుష్షులోంచే పోయాయి.